విమానాలు ఎందుకు కూలుతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిన తర్వాత, పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్న తెలుగు ఇళ్లలో విమానమంటే భయం మళ్లీ మాటల్లోకి వచ్చింది. అప్పుడు ఎక్కువగా వినిపించిన ప్రశ్నలకు, వివిధ దేశాల దర్యాప్తు సంఘాలు తేల్చిన విషయాల ఆధారంగా, ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

విమానం కూలడానికి అన్నింటికంటే ముఖ్యమైన కారణం ఏమిటి?

ఏదో ఒక కారణం పేరు చెప్పి ముగించగలిగే ప్రశ్న కాదిది. పైలట్లు, నిర్వహణ ఇంజినీర్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, తయారీ సంస్థలు, నియంత్రణ అధికారులు, వీరిలో ఎవరో ఒకరు తీసుకున్న లేదా తీసుకోవలసి ఉండీ తీసుకోని నిర్ణయం దాదాపు ప్రతి ప్రమాదంలోనూ కనిపిస్తుంది. అయితే ఒక్కరి పొరపాటు వల్లనే విమానం కూలిపోయే పరిస్థితి రాకుండా విమానయాన వ్యవస్థను కట్టారు కనుక, కూలిందంటే చాలా చోట్ల చాలామంది జారారని అర్థం. మన పెద్దలు తిలా పాపం తలా పిడికెడు అన్నది ఇటువంటి సందర్భాలకే. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ దీన్ని కంతలున్న జున్ను ముక్కలతో పోల్చారు. మనకు తెలిసిన వస్తువుతో చెప్పాలంటే, ఒకదాని కింద ఒకటి పట్టిన జల్లెడలను ఊహించుకోవచ్చు: పై జల్లెడ చిరుగులోంచి జారిన రాయిని కింది జల్లెడ ఆపుతుంది, కానీ అన్ని జల్లెడల చిరుగులూ ఒకే వరుసలోకి వచ్చిన రోజున ఆ రాయి నేరుగా కిందికి వచ్చి పడుతుంది.

దీన్ని ఒక నిజమైన ప్రమాదంలో చూపించగలరా?

2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడింది. అందులో ఉన్న 166 మందిలో 158 మంది మరణించారు. జనం జ్ఞాపకంలో ఆ ప్రమాదం 'పైలట్ నిద్రపోయాడట' అన్న ఒక్క మాటగా మిగిలిపోయింది. ఆ మాట అబద్ధం కాదు, కాక్‌పిట్‌లోని శబ్దాలను నమోదు చేసే రికార్డరులో దొరికిన రెండు గంటల పైచిలుకు నిడివిలో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రలోనే ఉన్నారు. కానీ దర్యాప్తు నివేదిక అక్కడితో ఆగలేదు.

మంగళూరు రాడార్ ప్రమాదానికి రెండు రోజుల ముందే, మే 20న, పని చేయడం మానేసింది. రాడార్ లేనందువల్ల ఎత్తు తగ్గించుకోవడానికి విమానానికి అనుమతి ఆలస్యంగా దొరికింది. ఆలస్యంగా దిగడం మొదలుపెట్టినందువల్ల రన్‌వే దగ్గరికి వచ్చేసరికి అది ఉండవలసిన దానికంటే చాలా ఎత్తులో ఉంది. ఆ ఎత్తును సరిచేయవలసిన కెప్టెన్, మనిషి శరీరం అన్నింటికంటే మందంగా ఉండే తెల్లవారుజామున, నిద్రమత్తు పూర్తిగా వదలని స్థితిలో ఉన్నారు. పక్కనున్న కో-పైలట్ పరిస్థితిని సరిగ్గానే గుర్తించి, దిగవద్దు, మళ్లీ పైకి లేపుదామని ఒకటికి రెండుసార్లు చెప్పారు. కానీ కెప్టెన్ వినకపోతే కో-పైలట్ తానే విమానాన్ని పైకి లేపవచ్చా అన్న విషయంలో నాటి నిబంధనలు స్పష్టంగా లేవని నివేదిక గుర్తించింది. విమానం 8,033 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు దాటాక నేలను తాకింది. అప్పటికి కూడా గట్టిగా బ్రేకులు వేసి నిలబడి ఉంటే ఆగే అవకాశం ఉండేదని తయారీ సంస్థ లెక్కల్లో తేలింది, కానీ కెప్టెన్ చివరి క్షణంలో మళ్లీ గాలిలోకి లేపడానికి ప్రయత్నించారు. రన్‌వే చివర దిశానిర్దేశక యాంటెన్నా కోసం కట్టిన కాంక్రీటు నిర్మాణానికి కుడి రెక్క తగిలింది. దాని వెనుక లోయ.

ఇందులో నిద్ర ఒక్కటే తప్పని అనుకున్నవారు రాడార్‌ను బాగుచేయరు, కో-పైలట్‌కు అధికారం ఇవ్వరు, రన్‌వే చివరి కాంక్రీటును తీసేయరు. కారణాన్ని ఒక్క మనిషికి కుదించడం వల్ల కలిగే నష్టం ఇదే.

అయితే 'పైలట్ పొరపాటు' అన్న మాటకు అర్థం లేదా?

అర్థం ఉంది, కానీ అక్కడి నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది: ఎన్నో వేల గంటల అనుభవం ఉన్న మనిషి ఆ క్షణంలో అలా ఎందుకు చేశాడు? 1972 డిసెంబర్ 29 రాత్రి న్యూయార్క్ నుంచి మయామీ వెళ్లిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 ప్రమాదాన్ని ఈ ప్రశ్నతోనే చదవాలి. దిగబోయే సమయంలో ముందు చక్రం బయటికి వచ్చిందని చూపించే చిన్న పచ్చ దీపం వెలగలేదు. సిబ్బంది విమానాన్ని 2,000 అడుగుల ఎత్తున ఆటోపైలట్‌కు అప్పగించి, ఆ దీపం సంగతి చూడడానికి పూనుకున్నారు. ఒకరు దాన్ని ఊడదీస్తే అది తిరిగి సరిగ్గా అమరలేదు, మరొకరు చక్రాన్ని కళ్లతో చూడడానికి కాక్‌పిట్ కింద ఉన్న గదిలోకి దిగారు. ఈ హడావుడిలో ఎవరి చేయో స్టీరింగుకు తగిలి, ఎత్తును నిలిపి ఉంచే అమరిక తొలగిపోయి, విమానం చాలా మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. ఎత్తు తగ్గుతోందని చిన్న గంట మోగింది, ఎవరూ వినలేదు. రాడార్ తెరపై 900 అడుగులు కనిపించిన కంట్రోలర్ 'అక్కడ పని ఎలా సాగుతోంది' అని మాత్రమే అడిగారు, ఎత్తు సంగతి ఎత్తలేదు. బయట చిత్తడి నేలల మీద చిమ్మచీకటి. విమానం నేలను తాకి 101 మంది మరణించారు. ముందు చక్రం అప్పటికే సక్రమంగా దిగి ఉంది, దీపం బల్బు కాలిపోయింది, అంతే.

ముగ్గురు సమర్థులైన మనుషులు ఒకే చిన్న సమస్య మీదికి వంగిపోతే, విమానాన్ని నడిపేవారే లేకుండా పోతారు. అందుకే నేటి శిక్షణలో సమస్య ఎంత తీవ్రమైనదైనా ఇద్దరిలో ఒకరు విమానాన్ని నడపడం మీదనే దృష్టి పెట్టి ఉండాలన్నది మొదటి పాఠం.

ఆకాశమేదో, నేల ఏదో పైలట్‌కు తెలియకుండా పోతుందా?

పోతుంది. మన చెవి లోపల సమతూకాన్ని చెప్పే ద్రవం ఉంటుంది. విమానం నిదానంగా ఒక పక్కకు ఒరిగితే ఆ ద్రవం దాన్ని పట్టుకోలేదు, కళ్లకు క్షితిజం కనిపించకపోతే శరీరం తాను నిటారుగా ఉన్నానని గట్టిగా నమ్ముతుంది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్‌కి బయలుదేరిన ఎయిర్ ఇండియా 855, 'ఎంపరర్ అశోక' అనే పేరున్న బోయింగ్ 747, రెండు నిమిషాలు కూడా గడవకముందే అరేబియా సముద్రంలో పడిపోయింది. విమానం వాలును చూపించే పరికరాల్లో కెప్టెన్ వైపుది తప్పు చూపించడంతో, కుడికి ఒరిగి ఉందనుకుని ఆయన ఎడమకు తిప్పుతూ పోయారు. కింద నల్లని సముద్రం, పైన నల్లని ఆకాశం, తప్పును పట్టించే దీపపు చుక్క కూడా కిటికీలో లేదు. అందులో ఉన్న 213 మందీ చనిపోయారు. సరైన అంకె చూపించే పరికరాలు ఆ కాక్‌పిట్‌లోనే ఉన్నాయి, వాటితో పోల్చి చూసుకోవడానికి సమయం చాలలేదు.

పెద్దవారి మాట కాదనలేకపోవడం కూడా ప్రమాద కారణమేనా?

అవును. మన సమాజంలో పెద్దవారి మాటకు ఎదురు చెప్పకపోవడం మర్యాద కనుక ఈ ప్రశ్న మనకు మరింత దగ్గరది, కానీ ఈ జబ్బు అన్ని దేశాల్లోనూ కనిపించింది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరీఫేలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది మరణించారు. విమానయాన చరిత్రలో ఇంతకంటే ఎక్కువ ప్రాణాలు తీసిన ప్రమాదం లేదు. డచ్ విమాన కెప్టెన్ ఆ సంస్థలో అందరూ గౌరవించే శిక్షకుడు. అనుమతి రాకముందే ఆయన పరుగు మొదలుపెడితే, ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజినీరు అనుమానం వ్యక్తం చేశారు. అలాంటిదేమీ లేదని కెప్టెన్ గట్టిగా చెప్పడంతో ఆ ఇంజినీరు ఊరుకున్నారు. రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడడంతో, ఆగమని చెప్పే మాటలు ఈలలా మారిపోయి సరిగా వినిపించలేదు.

ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు లేదా రద్దు చేసేటప్పుడు తప్ప రేడియోలో వాడకూడదన్న పద్ధతి స్థిరపడింది. 1978 డిసెంబర్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర చక్రాల సమస్యను చూసుకుంటూ ఒక విమానం గాలిలోనే ఇంధనం అయిపోయి కూలిన తర్వాత, కాక్‌పిట్‌లో అందరూ నోరు విప్పేలా, కెప్టెన్ వినేలా నేర్పే శిక్షణ మొదలైంది. ఆ శిక్షణ పేరు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్. గత యాభై ఏళ్లలో ప్రాణాలు కాపాడిన మార్పుల్లో యంత్రాల కంటే దీన్నే నేను ముందు చెబుతాను.

ప్రయాణంలో ఏ దశ ఎక్కువ ప్రమాదకరం?

దిగే దశ. ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో సుమారు సగం చివరి కొద్ది నిమిషాల్లో, అంటే రన్‌వేకి చేరువయ్యేటప్పుడు, నేలను తాకేటప్పుడు జరుగుతున్నాయి. బయలుదేరి పైకెక్కే మొదటి నిమిషాలది తర్వాతి స్థానం. పైన గంటల తరబడి సాగే ప్రయాణం, మనం కిటికీలోంచి చూసి భయపడే భాగం, వీటన్నింటికంటే నిశ్చింతగా గడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఎత్తు ఉంది, ఎత్తు ఉంటే ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది.

టేబుల్‌టాప్ రన్‌వే అంటే ఏమిటి? అది ఉండడమే ప్రమాదమా?

కొండ తలను చదును చేసి దాని మీద కట్టిన రన్‌వేను అలా అంటారు. మంగళూరు, కోళికోడ్‌లలో ఉన్నవి అటువంటివే. రన్‌వే దానికదే ప్రమాదం కాదు, కానీ అక్కడ పొరపాటుకు క్షమాపణ దొరకదు. చదునైన నేల మీద రన్‌వే దాటిన విమానం పొలంలో బురదలో కూరుకుని ఆగుతుంది, ఇక్కడ లోయలో పడుతుంది. మంగళూరు ప్రమాదం జరిగిన పదేళ్లకు, 2020 ఆగస్టు 7న, కరోనా కాలంలో దుబాయ్ నుంచి మనవాళ్లను తీసుకువస్తున్న విమానం కోళికోడ్‌లో భారీ వర్షంలో, వెనుక గాలితో దిగుతూ, 8,858 అడుగుల రన్‌వేలో సగం దూరం దాటాక నేలను తాకి కిందికి పడిపోయింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. పరిస్థితి కుదురుగా లేనప్పుడు దిగడం మానుకోవాలన్న నిబంధనను పాటించకపోవడాన్ని దర్యాప్తు సంస్థ ప్రధాన కారణంగా చూపింది. పదేళ్ల తేడాతో, అదే సంస్థకు చెందిన అదే రకం విమానం, అదే పొరపాటు. ఈ రెండు నివేదికలను పక్కపక్కన పెట్టుకుని చదవడం చాలా బాధాకరమైన పని.

దిగబోయిన విమానం చివరి నిమిషంలో మళ్లీ పైకి లేస్తే ప్రయాణికులు హడలిపోతారు. దాన్ని గో అరౌండ్ అంటారు. అది పైలట్ సరైన నిర్ణయం తీసుకున్నాడనడానికి గుర్తు, ఆ పూట మీరు ఇంటికి అరగంట ఆలస్యంగా చేరితే ఆయనకు కృతజ్ఞతలు చెప్పవలసిన విషయం.

ఒక ఇంజిన్ ఆగిపోతే విమానం కూలుతుందా?

కూలదు. రెండు ఇంజిన్ల విమానం, బయలుదేరే పరుగులో ఒక ఇంజిన్ విఫలమైనా మిగిలిన దానితో పైకి లేచి, చుట్టి వచ్చి దిగగలిగేలా తయారవుతుంది. పైలట్లు దీన్ని సిమ్యులేటర్‌లో క్రమం తప్పకుండా సాధన చేస్తారు.

మరమ్మతుల్లో జరిగే తప్పులు ఎంత తీవ్రమైనవి?

ఒక వరుస రివెట్లు, అంటే రేకులను కలిపి బిగించే మేకుల్లాంటివి, 520 మంది ప్రాణాలు తీసిన సంగతి చెబితే ఆ తీవ్రత అర్థమవుతుంది. 1978లో జపాన్‌లోని ఒసాకాలో దిగుతున్న ఒక బోయింగ్ 747 తోక నేలకు రాసుకుంది. విమానం వెనుక భాగంలో, లోపలి గాలి పీడనాన్ని ఆపి ఉంచే గుమ్మటం లాంటి గోడ ఒకటి ఉంటుంది. దెబ్బతిన్న ఆ గోడను అతికేటప్పుడు ఒకే అఖండమైన రేకు వేయవలసిన చోట దాన్ని రెండు ముక్కలుగా కోసి అమర్చారు. దానితో రెండు వరుసల రివెట్లు మోయవలసిన బరువు ఒక్క వరుస మీదనే పడింది. పైనుంచి చూస్తే అతుకు బాగానే కనిపించింది. తర్వాతి ఏడేళ్లలో విమానం 12 వేలకు పైగా సార్లు ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ గోడ కొద్దిగా ఉబ్బి, దిగినప్పుడు సడలి, రివెట్ల కంతల దగ్గర కంటికి కనిపించని పగుళ్లు పెరుగుతూ వచ్చాయి.

1985 ఆగస్టు 12 సాయంత్రం టోక్యో నుంచి బయలుదేరిన పన్నెండు నిమిషాలకు ఆ గోడ పగిలింది. లోపలి గాలి తోకను ఊడబెరికి, విమానాన్ని అదుపు చేసే నాలుగు హైడ్రాలిక్ గొట్టాలనూ తెంచేసింది. పైలట్లు ఇంజిన్ల శక్తిని మాత్రమే పెంచుతూ తగ్గిస్తూ దాదాపు అరగంట దాన్ని గాలిలో నిలబెట్టారు. ఆ సమయంలో కొందరు ప్రయాణికులు ఇంట్లో వారికి చివరి ఉత్తరాలు రాసుకున్నారు. 524 మందిలో నలుగురే బతికారు. ఒకే విమానం కూలి ఇంతమంది చనిపోవడం మరెప్పుడూ జరగలేదు. రాత్రి షిఫ్టులో హ్యాంగరులో పనిచేసే మెకానిక్ సంతకం విలువ ఎంతటిదో తెలియాలంటే ఈ ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్లే విమానాన్ని నడుపుతున్నప్పుడు ప్రమాదాలు తగ్గాలి కదా?

తగ్గాయి, చాలా తగ్గాయి. అయితే కొత్త రకం ప్రమాదాలు కూడా వచ్చాయి. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండు కొత్త బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి మొత్తం 346 మంది చనిపోయారు. విమానం ముక్కు ఎక్కువగా పైకి లేస్తే దాన్ని కిందికి వంచే ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్, ఒకే ఒక్క సెన్సర్ మాటను నమ్మేలా రాసి ఉంది. ఆ సెన్సర్ తప్పు చెబితే సాఫ్ట్‌వేర్ ముక్కును మళ్లీ మళ్లీ వంచుతూ పోయింది. మొదటి ప్రమాదం జరిగే నాటికి అటువంటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందన్న సంగతి పైలట్లకు ఇచ్చిన పుస్తకాల్లో లేదు. ఇది పైలట్ల తప్పుగా మొదట ప్రచారమైంది, కానీ తప్పు తయారీ సంస్థ డిజైన్ బల్లల దగ్గర, గీతల దగ్గర, ఖర్చు లెక్కల దగ్గర మొదలైంది.

దీనికి భిన్నమైనది 2009 జూన్ 1న అట్లాంటిక్ మహాసముద్రంలో 228 మందితో మునిగిన ఎయిర్ ఫ్రాన్స్ 447. వేగాన్ని కొలిచే సన్నని గొట్టాల్లో మంచు చేరడంతో వేగం అంకెలు గాడి తప్పి ఆటోపైలట్ తప్పుకుంది. ఆ ఇబ్బంది ఒక నిమిషం లోపే తీరిపోయింది. కానీ అంత ఎత్తులో చేతితో నడిపే అలవాటు లేని పైలట్ ముక్కును పైకి లేపి పట్టుకోవడంతో, రెక్కల మీద గాలి నిలబడక విమానం జారిపోయే స్థితికి, అంటే స్టాల్‌కు, వచ్చింది. ముక్కును దించితే తేరుకునేది. సుమారు మూడున్నర నిమిషాల పాటు అది అలాగే కిందికి పడింది. యంత్రం అన్నీ చూసుకుంటున్నప్పుడు మనిషి చేతి నైపుణ్యం మొద్దుబారుతుందని గ్రహించి, స్టాల్ నుంచి బయటపడే శిక్షణను ఆ తర్వాత పెంచారు.

వాతావరణం వల్ల ఎన్ని రకాల ముప్పు?

ప్రయాణికులు భయపడేది ఒకటి, పైలట్లు భయపడేది మరొకటి. గాలిలో కుదుపులు ఎంత భయపెట్టినా నేటి విమానాన్ని విరిచేయడం అత్యంత అరుదు. అవి గాయపరిచేది బెల్టు పెట్టుకోనివారిని. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానంలో ఒక ప్రయాణికుడు మరణించి, చాలామంది గాయపడినది అటువంటి కుదుపుల్లోనే. పిడుగు పడినా దాని విద్యుత్తు విమానం పైపొర మీదుగా సాగి బయటికి వెళ్లిపోతుంది.

పైలట్లు నిజంగా భయపడేది ఉరుముల మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి విరుచుకుపడే గాలికి. దిగుతున్న విమానానికి అది మొదట ఎదురుగాలిగా తగిలి పైకి లేపుతుంది, పైలట్ శక్తిని తగ్గించే సమయానికి వెనుక గాలిగా మారి వేగాన్ని లాగేస్తుంది. 1985లో డల్లాస్‌లో 137 మంది చనిపోయినది ఇలాగే. దాని తర్వాతనే ఇటువంటి గాలిని ముందుగా పసిగట్టే రాడార్లు విమానాల్లోకి, విమానాశ్రయాల్లోకి వచ్చాయి. ఇక పొగమంచు సంగతి గన్నవరం వెళ్లేవారికి బాగా తెలుసు: డిసెంబర్, జనవరి ఉదయాల్లో విమానం గాల్లో చుట్లు కొట్టి, ఒక్కోసారి హైదరాబాద్‌కు తిరిగి వెళ్లిపోతుంది. విసుగు కలగడం సహజమే, కానీ కనిపించని రన్‌వే మీద దిగకపోవడమే పద్ధతి.

ఒక చిన్న పక్షి అంత పెద్ద విమానాన్ని కూల్చగలదా?

ఒక పక్షి సాధారణంగా కూల్చలేదు, గుంపు మాత్రం రెండు ఇంజిన్లనూ ఒకేసారి దెబ్బతీయగలదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పెద్ద బాతుల గుంపు తగిలి రెండు ఇంజిన్లూ పోయిన విమానాన్ని పైలట్ హడ్సన్ నది మీద దించి 155 మందినీ కాపాడారు. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో మరో విమానానికి పక్షులు తగిలాయి. అది చక్రాలు లేకుండా పొట్టతో రన్‌వే మీద జారి, చివర యాంటెన్నా కోసం కట్టిన కాంక్రీటు దిమ్మెను గుద్దుకుంది. 181 మందిలో ఇద్దరే మిగిలారు. రన్‌వే చివర కాంక్రీటు అన్న మాట మంగళూరు తర్వాత ఇక్కడ రెండోసారి వస్తోంది. మన విమానాశ్రయాల చుట్టూ మాంసం వ్యర్థాలు, చెత్త పారబోయడం గద్దలను రప్పించి విమానాల దారిలో పెడుతుంది, ఇది ఊరివారందరి చేతిలో ఉన్న విషయం.

గాలిలో రెండు విమానాలు ఎలా ఢీకొంటాయి?

1996 నవంబర్ 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర, ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ విమానం, ఢిల్లీకి వస్తున్న కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఉండాలి, సౌదీ విమానం 14,000 అడుగుల దగ్గర ఉంది. కజక్ విమానం తన ఎత్తును దాటి కిందికి దిగిపోయింది. ఆ విమానంలో కంట్రోలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడింది రేడియో ఆపరేటర్, ఆయన ముందు ఎత్తు చూపించే పరికరమే లేదు. అప్పటి ఢిల్లీలో రావడానికీ పోవడానికీ పౌర విమానాలకు ఒకటే దారి ఉండేది, విమానాల ఎత్తును చూపించే రాడార్ ఇంకా వాడుకలోకి రాలేదు. ఈ ప్రమాదం తర్వాత దారులు వేరుచేశారు, ఎదురుగా వచ్చే విమానాన్ని గుర్తించి పైకి వెళ్లు, కిందికి వెళ్లు అని స్వయంగా చెప్పే టీకాస్ పరికరాన్ని భారతదేశం తప్పనిసరి చేసింది.

హెలికాప్టర్లకు కూడా ఇవే కారణాలా?

కారణాలు అవే, కానీ హెలికాప్టరు తక్కువ ఎత్తులో, కొండల మధ్య, తరచుగా కంటిచూపు ఆధారంగా ఎగురుతుంది కనుక వాతావరణానికి తొందరగా చిక్కుతుంది. తెలుగువారికి ఇది చెప్పనక్కరలేని విషయం. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. 2009 సెప్టెంబర్ 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురూ చనిపోయారు. శకలాలు మర్నాడు గానీ కనిపించలేదు. దట్టమైన మేఘాల్లోకి వెళ్లిన హెలికాప్టరు బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని దర్యాప్తులో తేలింది. ఆ నిమిషాల్లో పైలట్లు ఒక ఆయిల్ వ్యవస్థ హెచ్చరిక గురించి చెక్‌లిస్టులో వెతుకుతున్నారు, మయామీ దీపం ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది. ప్రముఖులను తీసుకువెళ్లే పైలట్ మీద, సభకు వేళ మించిపోతోందన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. వాతావరణం బాగాలేదు, ఈ రోజు వద్దు అని పైలట్ అంటే ఎదురు మాట్లాడకుండా ఒప్పుకునే అలవాటు నాయకులకు, వారి సిబ్బందికి రావాలని నా గట్టి నమ్మకం.

అహ్మదాబాద్ ప్రమాదం గురించి ప్రాథమిక నివేదిక ఏమి చెప్పింది?

లండన్‌కు బయలుదేరిన బోయింగ్ 787 నేల విడిచిన సుమారు అర నిమిషానికే కూలి, లోపల ఉన్న 242 మందిలో 241 మంది, నేల మీద మరో 19 మంది చనిపోయారు. నెల రోజులకు వచ్చిన ప్రాథమిక నివేదిక ప్రకారం, విమానం లేచిన కొద్ది క్షణాలకే రెండు ఇంజిన్లకూ ఇంధనాన్ని ఆపే స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆపివేసే స్థానానికి మారాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగగా, తాను ఆపలేదని మరొకరు చెప్పినట్లు రికార్డయింది. సుమారు పది సెకన్లకు స్విచ్‌లు మళ్లీ యథాస్థానానికి వచ్చాయి గానీ ఇంజిన్లు కోలుకునేంత ఎత్తు లేదు. స్విచ్‌లు ఎలా మారాయన్నది ఆ నివేదిక చెప్పలేదు. చనిపోయిన పైలట్లలో ఒకరిని దోషిగా నిర్ణయిస్తూ టీవీల్లో, వాట్సాప్‌లో తిరిగిన మాటలు వారి తల్లిదండ్రుల ఇళ్లలో కూడా వినిపించాయని అందరూ గుర్తుంచుకోవాలి.

దర్యాప్తు ఎందుకు, ఎవరు చేస్తారు? బ్లాక్ బాక్స్ నల్లగా ఉంటుందా?

అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఏ దేశంలో ప్రమాదం జరిగితే ఆ దేశమే దర్యాప్తు చేస్తుంది, మన దేశంలో ఆ పని 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు సంస్థది. మళ్లీ అటువంటిది జరగకుండా చూడడమే దర్యాప్తు ఉద్దేశమని, నిందితులను తేల్చడం కాదని ఆ ఒప్పందమే చెబుతుంది. శిక్ష భయం లేనప్పుడే మెకానిక్, కంట్రోలర్, పైలట్ నిజం చెబుతారు.

బ్లాక్ బాక్స్ నారింజ రంగులో ఉంటుంది, శకలాల్లో తొందరగా కనిపించాలని. దాని ఆలోచనకు మూలపురుషుడు ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ వారెన్. 1,100 డిగ్రీల మంటలో గంటసేపు ఉన్నా లోపలి రికార్డు చెడకుండా దాన్ని తయారుచేస్తారు. ఎయిర్ ఫ్రాన్స్ 447 రికార్డర్లు దాదాపు రెండేళ్లు సముద్రం అడుగున పడి ఉన్నాయి, బయటికి తీశాక పూర్తిగా పలికాయి.

పవర్ బ్యాంకును చెకిన్ బ్యాగులో ఎందుకు పెట్టనివ్వరు?

లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. క్యాబిన్‌లో అయితే పొగ కనిపించగానే సిబ్బంది చేరుకోగలరు, కింద సామాన్ల గదిలో అయితే మంట ముదిరేదాకా తెలియదు. 2010 సెప్టెంబర్‌లో దుబాయ్‌లో బ్యాటరీల సరుకు అంటుకుని ఒక సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు.

ఇన్ని ప్రమాదాలు విన్నాక విమానం ఎక్కవచ్చా?

నిస్సంకోచంగా ఎక్కవచ్చు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం లెక్కల ప్రకారం 2024లో ప్రపంచమంతటా సుమారు 4 కోట్ల విమాన ప్రయాణాలు జరిగితే, ప్రాణాలు తీసిన ప్రమాదాలు 7. ఇక్కడ చెప్పిన ప్రమాదాలు యాభై ఏళ్లకు పైబడిన కాలం నుంచి ఏరినవి.

ప్రయాణికుడిగా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. కూర్చున్నంతసేపూ బెల్టు పెట్టుకోండి. మీ సీటు నుంచి అత్యవసర ద్వారం ఎన్ని వరుసల దూరంలో ఉందో, ముందుదీ వెనుకదీ, లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు కనిపించనప్పుడు చేతులతో సీట్లు తడుముకుంటూ వెళ్లవలసి వస్తుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెప్పులు వేసుకుని ఉండండి. విమానం ఖాళీ చేయమన్నప్పుడు పైనున్న బ్యాగు ముట్టుకోకండి, అందులో పాస్‌పోర్టు, బంగారం ఉన్నా సరే. వృద్ధులైన తల్లిదండ్రులను ఒంటరిగా పంపుతున్నవారు ఈ మాటను ముందే తెలుగులో నచ్చజెప్పి పంపాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఇంగ్లీషు ప్రకటన వారికి అందకపోవచ్చు.

2024 జనవరి 2న టోక్యో హనేడా రన్‌వే మీద జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం తీరరక్షక దళం విమానాన్ని ఢీకొంది. ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానం మంటల్లో చిక్కుకుని, ఎనిమిది ద్వారాల్లో మూడే వాడుకోదగినవిగా మిగిలాయి, లోపల మాటలు వినిపించే మైకు పనిచేయలేదు. సిబ్బంది మెగాఫోన్లతో, గొంతులతో అరిచి చెప్పారు, ప్రయాణికులు సామాన్లు పైనే వదిలేసి వరుసగా జారుడు బల్లల మీదుగా దిగారు. సుమారు 18 నిమిషాల్లో 379 మందీ బయట ఉన్నారు. విమానం పూర్తిగా కాలిపోయింది.